ఆకాశహర్మ్యాల పునాది బైలాడిలా కొండలలో

(జగదల్‌పూరులో రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాలలో లేస్తున్న ఆకాశహర్మ్యాలను గురించి ప్రసంగించవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. బస్తరులో కూర్చుని ఆకాశహర్మ్యాల ముచ్చట ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఇక్కడ ఎత్తు అంటే అడవిలోని గుగ్గిలపు చెట్టు ఎత్తు. చిత్రకూట్ వద్ద ఇంద్రావతి దూకే సుమారు 29 మీటర్ల ఎత్తు. పల్లెలోని ఇల్లు మట్టిగోడలది, పెంకుల కప్పుది. చూరు తగలకుండా తలవంచి లోనికి పోవాలి. అయినప్పటికీ ఈ విషయాన్ని చర్చించడానికి బస్తరు కంటె తగిన చోటు మరొకటి లేదని నా అభిప్రాయం. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో వీధిలో నిలబడి తల ఎత్తి చూచేవానికి భవనం పైభాగం మాత్రమే కనిపిస్తుంది. దాని అడుగు ఇక్కడ ఉన్నది. ఆ రెంటి నడుమ ఉన్న 446 కిలోమీటర్ల ఇనుప దారిని నడుపుతున్నది మీరు. కనుక ఈ కథ మీ కథ.

ఇనుము లేనిదే ఎత్తు లేదు

ఎత్తైన కట్టడాలు మానవునికి కొత్త కాదు. 1591 నాటి చార్మినారు ఎత్తు 56 మీటర్లు. కాని రాతితో, ఇటుకతో కట్టిన గోడ తన బరువును తానే మోసుకోవాలి. ఎత్తు పెరిగినకొద్దీ అడుగున గోడ లావెక్కాలి. అమెరికాలోని చికాగో నగరంలో 1891లో పూర్తయిన మొనాడ్నాక్ భవనానికి పదహారు అంతస్తులు. నేలమట్టం వద్ద దాని ఇటుక గోడల మందం ఆరడుగులు. అంతకు మించి పైకి పోవలెనంటే కింది అంతస్తులో గదులు పోయి గోడలే మిగులుతాయి.

ఈ చిక్కును విడదీసింది లోహం. అదే చికాగోలో 1885లో పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని లోహపు చట్రం ఆధారంగా నిలబెట్టారు. బరువు మోసే పని గోడ నుండి చట్రానికి బదిలీ కావడం అక్కడ మొదలైంది. మనుషులను ఎక్కించే ఓటిస్ లిఫ్టు 1857లోనే న్యూయార్కులో వచ్చి ఉన్నది. చట్రమూ లిఫ్టూ కలిసిన తరువాత ఎత్తుకు అడ్డు లేకపోయింది. 1931 నాటికి అదే న్యూయార్కులో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం 381 మీటర్ల ఎత్తుకు లేచింది. మన దక్షిణ దేశంలో 1959లో మద్రాసు మౌంటు రోడ్డుపై జీవిత బీమా సంస్థ భవనం పూర్తయినప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన భవనం అదే. ఆ రోజులలో మద్రాసు వెళ్లినవారు దానిని చూడకుండా తిరిగి వచ్చేవారు కాదు.

ఇక జపాను సంగతి. భూకంపాల భయంతో అక్కడ భవనాల ఎత్తును చాలాకాలం 31 మీటర్లకు పరిమితం చేశారు. 1963లో ఆ పరిమితిని సడలించారు. 1968లో టోక్యోలో 36 అంతస్తుల కసుమిగసెకి భవనం పూర్తయింది. జపానులో ఆకాశహర్మ్యం అనదగిన మొదటి భవనం అదే. ఆ దేశానికి ఉక్కు కర్మాగారాలు ఉన్నవి గాని ఇనుప ఖనిజం లేదు. బైలాడిలా ఖనిజం కోసం 1960లో మన దేశంతో ఒప్పందం కుదిరింది. 1968లో, అనగా టోక్యోలో ఆ భవనం పూర్తయిన సంవత్సరంలోనే, కిరందుల్ వద్ద 14వ నిక్షేపంలో గని పని మొదలైంది. ఆ భవనంలో మన ఖనిజం ఉన్నదని నేను చెప్పడం లేదు. ఒక దేశపు నగరాలు పైకి పెరగడానికి సిద్ధమైన దశాబ్దంలోనే మరొక దేశపు అడవిలోని కొండను దించే పని మొదలైందని మాత్రమే చెబుతున్నాను.

కొండ నుండి కడ్డీ దాకా

బైలాడిలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. దూరం నుండి చూస్తే ఆ కొండల వరుస అలాగే కనిపిస్తుంది. అందులో పద్నాలుగు నిక్షేపాలను గుర్తించారు. నూటికి 65 పాళ్ల వరకు ఇనుము గల ఖనిజం అది. ప్రపంచంలో అంతటి మేలిరకం అరుదు. ఈ ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికే దండకారణ్య–బొలంగీర్–కిరిబూరు ప్రాజెక్టు కింద 1960వ దశకంలో కొత్తవలస–కిరందుల్ రైలు మార్గాన్ని నిర్మించారు. తూర్పు కనుమలను చీల్చుకుని 58 సొరంగాల గుండా పోయే ఆ మార్గంలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. నగరంలో భవనం ఎత్తును చూచి విస్తుపోయేవారు, ఆ భవనంలోని ఇనుము అంతకు ఎన్నో రెట్లు ఎత్తైన కనుమలెక్కి దిగి వచ్చిందని ఎరుగరు. ఆ ఖనిజాన్ని ఎత్తుకుపోయే పెద్ద ఓడల కోసం విశాఖలో బాహ్య నౌకాశ్రయం 1976లో సిద్ధమైంది.

తరువాత ఖనిజానికి మరొక గమ్యం ఏర్పడింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అనే నినాదంతో 1966లో సాగిన ఉద్యమం, అందులో జరిగిన ప్రాణత్యాగాలు మనకందరికీ తెలిసినవే. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. దానికి స్వంత ఇనుప గని లేదు; మొదటి నుండి బైలాడిలా ఖనిజమే దానికి ప్రధానాధారం. దాని ముఖ్య ఉత్పత్తులలో ఒకటి భవనాల కాంక్రీటులో వాడే కడ్డీ. కనుక మన గొలుసు ఇది: బైలాడిలాలో రాయి, కొండ దారిలో వ్యాగను, విశాఖలో కడ్డీ, నగరంలో స్తంభం. 2021 జనవరిలో ఆ కర్మాగారం నుండి ప్రభుత్వం తన వాటాను పూర్తిగా ఉపసంహరించుకోవాలని నిర్ణయించినప్పుడు విశాఖ కార్మికులు వీధులలోకి వచ్చారు. కాని ఆ ప్రశ్న విశాఖ కార్మికులది మాత్రమే కాదు. గొలుసులో ఒక కొక్కెం ఊడితే మిగిలినవాటికి జరిగేదేమిటో కప్లింగు చూచుకునే మనవారికి వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు మీ చేతి లెక్క ఒకటి వేద్దాం. ఒక టన్ను ఉక్కుకు స్థూలంగా ఒకటిన్నర టన్ను ఖనిజం కావాలి. 58 వ్యాగన్ల రేకు ఒకటి మూడున్నర వేల టన్నుల ఖనిజం మోస్తుందనుకుందాం. 2010లో ప్రారంభమైన దుబాయిలోని బుర్జ్ ఖలీఫా, 828 మీటర్లతో ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం. అందులో వాడిన కడ్డీ సుమారు 39,000 టన్నులు. అంటే 58,500 టన్నుల ఖనిజం. అంటే పదిహేడు రేకులు. ప్రపంచంలో అన్నిటికంటె ఎత్తైన భవనపు కడ్డీకి సరిపడే ఖనిజాన్ని మీరు కొద్ది దినాలలో దించి వేయగలరు. ఎన్‌ఎండిసి సంస్థ 2023–24లో మొత్తం నాలుగున్నర కోట్ల టన్నుల ఖనిజం తవ్వగా, అందులో అధికభాగం ఈ బైలాడిలాదే. ఈ లెక్కను మీ పిల్లలకు చెప్పండి. తాము చేసే పని ఎంతటిదో తెలియని కార్మికుడు దానికి తగిన ప్రతిఫలం అడగలేడు.

హైదరాబాదు ఆకాశరేఖ

ఇక నగరాన్ని చూద్దాం. 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భవన నిబంధనలను మార్చి, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టవలెననే పరిమితిని హైదరాబాదులో తొలగించింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం సరిపోతే ఎత్తుకు దారి తెరచుకున్నది. ఆ తరువాత నగరపు పడమటి అంచున, ఒకప్పుడు బండరాళ్లు, గడ్డిబీళ్లు ఉన్న చోట, అద్దాల భవనాలు వరుసలుగా లేచాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలం వేయగా ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఎకరానికి వందకోట్లు పెట్టినవాడు రెండంతస్తుల ఇల్లు కట్టడు. భూమి ధరే భవనాన్ని పైకి తోస్తుంది. అదే కోకాపేటలో 57 అంతస్తుల నివాస భవనం లేచింది.

అదే నగరంలో మాసాబ్‌ట్యాంకు వద్ద బైలాడిలా గనుల యాజమాన్య సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది. ఓరుగల్లు నుండి కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు వచ్చి బస్తరులో రాజ్యం స్థాపించాడని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆనాడు తెలుగు గడ్డ నుండి ఇక్కడికి పరిపాలన వచ్చింది. ఈనాడు కొండ ఇక్కడ, దానిపై నిర్ణయం అక్కడ.

ఎత్తైన భవనమే దోషమని నేను అనడం లేదు. జనం పెరిగే నగరం అడ్డంగా విస్తరిస్తే చెరువులూ పొలాలూ మింగుతుంది. కొంత మేరకు పైకి పెరగడం అవసరమే. కాని మన ఎండలకు అద్దపు గోడ తగినది కాదు. చలి దేశంలో ఎండను లోనికి పిలిచే అద్దం, మన దేశంలో అదే పని చేసి గదిని కొలిమిగా మారుస్తుంది. ఆ వేడిని యంత్రాలతో తోడి వీధిలో పోస్తారు. లోపలివారికి చల్లదనం, వీధిలో తోపుడు బండివానికి, పోస్టుమ్యానుకు, ట్రాఫిక్ కానిస్టేబులుకు అదనపు వేడి. బస్తరు మట్టిగోడకు, హైదరాబాదు పాతబస్తీ సున్నపు గోడకు తెలిసిన పాటి వాతావరణ జ్ఞానం ఆ అద్దపు గోడకు లేకపోయింది.

కొండ దగ్గర మిగిలినదేమి?

నగరానికి ఎత్తు వచ్చింది. కొండ దగ్గర ఏమి మిగిలింది? దంతెవాడ వద్ద శంఖిని, డంకిని నదులు కలుస్తాయి. గని నుండి కొట్టుకువచ్చిన ఖనిజపు ధూళితో శంఖిని ఎర్రబారి, తీరగ్రామాలకు తాగునీరు, సాగునీరు కరువైన సంగతి ఏళ్ల తరబడి నలుగుతూనే ఉన్నది. 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో కాంట్రాక్టు కార్మికుల తొలగింపును ప్రతిఘటించినప్పుడు పోలీసు కాల్పులలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పేర్లు ఏ నగర భవనం శిలాఫలకం మీదా లేవు. 2019 జూన్‌లో 13వ నిక్షేపం ఉన్న నందరాజ్ కొండను తమ దైవస్థానమని వేలాది ఆదివాసులు చెప్పి, కిరందుల్‌లో దినాల తరబడి బైఠాయించారు.

రైలు మార్గాన్నే తీసుకోండి. ఖనిజం 1960వ దశకం నుండి సముద్రానికి సూటిగా పోతున్నది. మనిషి మాత్రం జగదల్‌పూరు నుండి స్వంత రాష్ట్ర రాజధాని రాయపూరుకు రైలులో పోవలెనంటే ఒడిశా మీదుగా చుట్టి పోవాలి. దల్లీరాజహరా నుండి రావ్‌ఘాట్ మీదుగా జగదల్‌పూరుకు రావలసిన లైను దశాబ్దాలుగా సాగుతున్నది; రావ్‌ఘాట్–జగదల్‌పూరు మధ్య 140 కిలోమీటర్ల భాగానికి ఆమోదం 2025లో గాని లభించలేదు. మరొకవైపు, కిరందుల్ నుండి విశాఖకు ఖనిజాన్ని నీటిలో కలిపి పంపే 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం 2006 నాటికే పూర్తయింది. సరుకుకు రెండు దారులు ఉన్నవి. మనిషికి ఉన్న ఒక్క దారిలో ప్రయాణికుల బండ్లు వేళ్లపై లెక్కించవచ్చు.

నగర్‌నార్‌లో ఉక్కు కర్మాగారం 2023లో ప్రారంభం కావడం ఆహ్వానింపదగిన మార్పు. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం గల ఆ కర్మాగారంలో బస్తరు ఖనిజం బస్తరులోనే ఉక్కు అవుతున్నది. అయితే అందులో శాశ్వతోద్యోగం ఎందరికి, కాంట్రాక్టు పని ఎందరికి, భూమి ఇచ్చిన గ్రామాల బిడ్డలకు ఎన్ని అని అడుగుతూనే ఉండాలి. కర్మాగారం గ్రామానికి దగ్గరగా వచ్చినంత మాత్రాన న్యాయం దగ్గరకు వచ్చినట్లు కాదు.

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజనును విభజించి, కొత్తవలస–బచేలి భాగాన్ని రాయగడ కేంద్రంగా ఏర్పడే డివిజనులో చేర్చడానికి ఆమోదించింది. బదిలీలు, సీనియారిటీ గురించి మీకున్న ఆందోళన న్యాయమైనది. కాని డివిజను పేరు మారినా ఘాటు వాలు మారదు. వానాకాలంలో కొండచరియలు పడే చోట రాత్రిపూట టార్చిలైటుతో పట్టాల వెంట నడిచే ట్రాకు మనిషి చేతిలో ఎన్ని కిలోమీటర్లు ఉండాలి, అతని వెంట రెండవ మనిషి ఉండాలా వద్దా అనేది ఏ కార్యాలయం నిర్ణయించినా, అడగవలసినది మనమే.

ఎత్తున పనిచేసేవారు

భవనం కట్టేవారిని గురించి రెండు మాటలు. దేశంలోని ఆనకట్టలకు, భవనాలకు పాలమూరు కూలీల చెమట తగలని చోటు అరుదు. శ్రీకాకుళం, ఒడిశా, బీహారు, జార్ఖండు, ఛత్తీస్‌గఢ్ కార్మికులు నేడు నగరపు పరంజాలపై ఉన్నారు. 1996లో పార్లమెంటు నిర్మాణ కార్మికుల కోసం చట్టం చేసింది. నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసి సంక్షేమానికి వినియోగించాలి. నూరు కోట్ల భవనం లేస్తే ఒక కోటి కార్మికుల నిధికి చేరాలన్నమాట. అలా పోగైన సొమ్ములో వేలకోట్ల రూపాయలు ఖర్చు కాకుండా పడి ఉండడాన్ని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుబట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలో ఆ చట్టం కలిసిపోయింది. సెస్సు మాత్రం మిగిలి ఉన్నది. డబ్బు ఉన్నది, కార్మికుడు ఉన్నాడు. కొరత ఉన్నదల్లా పేరు నమోదుకే.

2020 సంవత్సరాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మార్చి చివర ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. మీరు మాత్రం ఆగలేదు. గూడ్సు బండ్లు నడిచాయి. నగరాలలో సగం లేచిన భవనాల కింద, రేకుల గుడిసెలలో కార్మికులు చిక్కుకున్నారు. హైదరాబాదు చేరువలో కంది వద్ద ఐఐటి భవనాలు కడుతున్న కార్మికులు ఊరికి పంపండని రోడ్డెక్కారు. మే 1వ తేదీన, సరిగా మేడే నాడు, లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు దేశంలోని మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో బయలుదేరింది. తరతరాలు చదువుకునే విద్యాలయాన్ని కట్టినవారికి, నెల రోజులకు పైగా ఇల్లు చేరే దారి లేకపోయింది. వారిని ఇల్లు చేర్చినది మన బండి, మన రన్నింగు సిబ్బంది. ఆ నెలలలోనే పల్లెలలో గడప వద్దకు వెళ్లి వేలిముద్ర తీసుకుని బ్యాంకు సొమ్ము చేతికిచ్చినది తపాలా సిబ్బంది.

తపాలా సోదరులకు ఈ కథ రెండు చివరలా తగులుతున్నది. నగరంలో ఒకప్పుడు వీధి పొడవునా పరుచుకున్న బీటు నేడు నిలువుగా లేచి నిలబడ్డది. గేటు వద్ద కాపలా మనిషి అడ్డు, లోపల లిఫ్టు కోసం నిరీక్షణ, ఎక్కినాక తలుపు తాళం. ఒక్క భవనంలో ఒక గ్రామమంత జనం ఉన్నా, బీటు కొలిచేవారి కాగితంలో అది ఒక్క భవనమే. రెండవ చివర, బస్తరు పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు. పరంజా మీద పనిచేసే కొడుకు పంపిన డబ్బును తల్లి చేతిలో పెట్టేది ఆయన. 2001లో ఆయన పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారింది. రెగ్యులర్ ఉద్యోగి హోదా మాత్రం రాలేదు. కమలేశ్ చంద్ర కమిటీ 2016లో నివేదిక ఇవ్వగా, భత్యాల సవరణ కోసం 2018లో సమ్మె చేయవలసి వచ్చింది. చట్టబద్ధమైన పింఛను నేటికీ కోరికగానే ఉన్నది.

మన కర్తవ్యం

మిత్రులారా! గనిలో పనిచేసేవాడు భవనాన్ని చూడడు. భవనంలో నివసించేవాడు గనిని చూడడు. రెండు చివరలనూ ప్రతిదినం చూస్తున్నది రైల్వే, తపాలా ఉద్యోగులు మాత్రమే. సరుకు మీ చేతుల మీదుగా పైకి పోతున్నది. కూలి డబ్బు మీ చేతుల మీదుగా కిందికి వస్తున్నది. చూచినవానికి బాధ్యత ఉంటుంది. అందువలన మూడు పనులు మీ ముందుంచుతున్నాను.

మొదటిది: గడచిన పన్నెండు నెలలలో తొంబై దినాలు నిర్మాణ పని చేసిన, పద్దెనిమిది నుండి అరవై ఏళ్ల లోపు వయస్సు గల ప్రతి కార్మికునికీ సంక్షేమ మండలిలో నమోదు కావడానికి హక్కు ఉన్నది. ఈ విషయాన్ని తెలుగులో, హిందీలో, గోండిలో, హల్బీలో చెప్పండి. వలసపోయేవారు బండి ఎక్కే ప్రతి స్టేషను వద్ద, డబ్బు అందుకునే ప్రతి పోస్టాఫీసు వద్ద మన శాఖ సభ్యుడొకడు దరఖాస్తు నింపడానికి వారానికి ఒక పూట కేటాయించాలి. ఇందుకు ఏ యాజమాన్యం అనుమతీ అక్కరలేదు.

రెండవది: మన పట్టాల మీద, మన ప్లాట్‌ఫారాల మీద, మన సంచుల కింద పనిచేసే కాంట్రాక్టు కార్మికులను, గ్రామీణ డాక్ సేవకులను సంఘానికి బయటి మనుషులుగా చూడడం మానాలి. శాశ్వతోద్యోగి సభలో వెనుక నిలబడే మనిషి సమ్మెనాడు ముందు నిలబడడు.

మూడవది: బస్తరుకు ప్రయాణికుల బండ్లు పెంచాలని, ఉన్నవాటిలో సాధారణ పెట్టెలు తగ్గించరాదని, రావ్‌ఘాట్–జగదల్‌పూరు లైను పూర్తి చేయాలని మన కోరికల పత్రంలో జీతభత్యాల పక్కనే రాయాలి. మనకు టికెట్టు పాసు ఉన్నదని మన పొరుగువాని ప్రయాణాన్ని మరువరాదు.

నగరం ఎంత ఎత్తు పెరిగిందో పత్రికలు ప్రతిదినం రాస్తున్నవి. ఆ ఎత్తుకు తవ్వినవాడు, మోసినవాడు, కట్టినవాడు ఎంత ఎదిగారో రాసుకోవలసిన పుస్తకం మనది. ఈ తరగతి ముగిసి మీరు మీ స్టేషన్లకు, మీ పోస్టాఫీసులకు చేరగానే ఆ పుస్తకంలో మొదటి పేరు రాయండి. వచ్చే సంవత్సరం ఇదే సభలో ఎన్ని పేర్లు చేరినవో ఒకరికొకరం లెక్క చెప్పుకుందాం.